మూడేళ్ల బ్యాటరీకి ముప్పై ఏళ్ల స్పీకరుని ముడిపెట్టొద్దు

ముందే ఒక మాట. ఇది "ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ తయారు చేయడం ఎలా" అనే టపా కాదు. అలాంటివి యూట్యూబ్‌లో బోలెడున్నాయి, వాళ్ల చేతులు నాకంటే బాగా తిరుగుతాయి కూడా. నేను చేసిన జత స్పీకర్లు చూస్తే మీరు నవ్వుతారు. ఒక డబ్బా మూల సరిగ్గా అతకలేదు, రెండో దాని మీద ఫెవికాల్ చారలు ఇంకా కనిపిస్తున్నాయి :-)

అయినా ఎందుకు రాస్తున్నానంటే, అవి చేస్తుంటే నాకో కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

మాది నారాయణఖేడ్. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అటు పోతే కర్ణాటక, ఇటు పోతే మహారాష్ట్ర. బజార్లో ఒక పూట నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ, లంబాడా మాటలన్నీ వినిపిస్తాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం, వీలైనప్పుడల్లా శుక్రవారం రాత్రి బస్సెక్కి ఇంటికి. మన బాపతు కథే, కొత్తేం లేదు.

2021 దసరాకి మా బాపుకి ఒక బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చా. ఆయనకి ఎడమ చెవి కాస్త మందం. ఫోన్‌లో ఆకాశవాణి పెట్టుకుంటే సరిగ్గా వినపడేది కాదు. స్పీకర్ వచ్చాక పొద్దున వార్తలు, మధ్యాహ్నం పాటలు, రాత్రి హరికథలు... ఇల్లంతా మోగేది. అమ్మ విసుక్కునేది కూడా.

2024 వానాకాలానికి అది చార్జింగ్ తీసేస్తే పది నిమిషాలు కూడా పలకట్లేదు. ఇంకో రెండు నెలలకి చార్జర్ పెట్టినా లేవడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లా. కౌంటర్‌లో అబ్బాయి మర్యాదగానే చెప్పాడు, "బ్యాటరీ విడిగా రాదు సార్, ఎక్స్చేంజ్‌లో కొత్తది తీసుకోండి, డిస్కౌంట్ ఉంది" అని. నేనూ సరే ఆలోచిస్తా అని వచ్చేశా. మా బాపు మాత్రం దాన్ని పారేయలేదు. తుడిచి, ఒక దస్తీ కప్పి, గూట్లో పెట్టాడు. నేను ఇంటికెళ్లినప్పుడల్లా ఒకటే మాట: "చాచాకు చూపియ్యరాదురా."

చాచా అంటే మా బజార్లో రేడియో, టీవీ రిపేర్ చేసే పెద్దాయన. మా ఇంట్లో మర్ఫీ రేడియో నుంచి టేప్‌రికార్డర్ దాకా అన్నీ ఆయన చేతి మీదుగా బతికినవే. ఇప్పుడా షాపులో ముందు భాగమంతా ఆయన కొడుకు పెట్టుకున్న మొబైల్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు. చాచా స్టూలు, ఆయన సోల్డరింగ్ ఐరన్, ఒక టేబుల్ ఫ్యాన్ వెనక్కి జరిగిపోయాయి.

నాకేమో మనసులో ఒకటే: ఆయనకి ట్రాన్సిస్టర్లు తెలుసుగానీ ఇవేం తెలుస్తాయి? (ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ఈసీఈ. నాలుగేళ్లు చదివా. ల్యాబ్‌లో బ్రెడ్‌బోర్డు మీద పది సర్క్యూట్లు పెట్టా, రికార్డు నీట్‌గా రాశా, వైవాలో ట్రాన్సిస్టర్ మీద అడిగినవన్నీ చెప్పా. కానీ సోల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకున్నది రెండుసార్లు. తర్వాత అమీర్‌పేట, జావా, ప్లేస్‌మెంట్. మీలో సగం మంది చరిత్ర ఇదే అని నాకు తెలుసు.)

చాచా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. స్క్రూ కోసం వెతికాడు. లేదు. రబ్బరు కాళ్లు పీకి చూశాడు. అక్కడా లేదు. చివరికి సన్న బ్లేడుతో అంచు వెంట కోస్తుంటే టప్‌మని ప్లాస్టిక్ పగిలింది. అంతా గమ్‌తో అతికించి ఉంది. లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది.

"బ్యాటరీ ఒక్కటే పోయింది బేటా. మిగతాదంతా జిందా ఉంది" అన్నాడు. తర్వాత పగిలిన మూత చేతిలో పట్టుకొని, "ఇది విప్పనీకి చేసింది కాదు, పారేయనీకి చేసింది" అన్నాడు.

అదిగో, అక్కడ వచ్చింది కోపం.

ఎందుకో చెప్తా. స్పీకర్ అంటే ఏంటి? ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట, ఒక కోను. జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ఈ పద్ధతిని ప్రపంచానికి చూపించారు. వందేళ్లయినా అసలు సూత్రం అదే. కోను చిరగకుండా, అంచు రబ్బరు ఎండిపోకుండా ఉంటే ముప్పై ఏళ్లు హాయిగా మోగుతుంది. మా ఊళ్లో మైక్ సెట్ వాళ్ల దగ్గర ఇంకా పలుకుతున్న అహూజా హారన్లలో కొన్నిటి వయసు నాకంటే ఎక్కువ.

మరి లిథియం అయాన్ బ్యాటరీ? 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది, 2019లో దాన్ని తయారు చేసిన ముగ్గురికి నోబెల్ వచ్చింది. గొప్ప వస్తువే, కాదనను. కానీ దాని ఆయుష్షు తక్కువ. మామూలుగా 300 నుంచి 500 సార్లు నింపి ఖాళీ చేసేసరికి కెపాసిటీ బాగా పడిపోతుంది. పైగా ఎప్పుడూ నిండుగా చార్జ్ చేసి వేడిలో ఉంచితే ఇంకా తొందరగా ముసలిదవుతుంది. మా బాపు రోజంతా చార్జర్‌కి తగిలించే ఉంచేవాడు, అదీ రేకుల కప్పు కింద. అలా పెట్టొద్దని ఆయనకి చెప్పాల్సిన ఇంజనీర్ కొడుకు హైదరాబాద్‌లో స్టాండప్ మీటింగుల్లో ఉన్నాడు.

ఇప్పుడు ఆలోచించండి. ముప్పై ఏళ్లు బతికేదాన్ని మూడేళ్లలో చచ్చేదానితో కలిపి గమ్ పెట్టి అతికిస్తే, మొత్తం వస్తువు ఆయుష్షు ఎంత? మూడేళ్లే. దీన్ని డిజైన్ అంటారా? బండి టైరు అరిగితే బండి మార్చుకోమన్నట్టుంది. టైరుకి నట్లుంటాయి. దీనికి నాలుగు స్క్రూలు కూడా పెట్టలేదు.

సరే, కోపంతో చేసిన పని ఏంటంటే, ఆ చచ్చినదాంట్లోంచి రెండు స్పీకర్లూ జాగ్రత్తగా తీసి, వాటితోనే కొత్త జత చేద్దామనుకున్నాం. చాచా, నేను. మొన్న ఎండాకాలంలో ఐదు శనివారాలు పట్టింది.

తీసిన స్పీకర్‌ని చేత్తో పట్టుకొని వాయిస్తే దోమ గుయ్‌మన్నట్టు వినిపించింది. కోను ముందుకి తోసిన గాలి, వెనక్కి లాగిన గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేస్ మొత్తం మాయం. చదివిన విషయమే, కానీ చెవితో వినడం అదే మొదలు. చాచా నవ్వి, మూలనున్న మట్టికుండ మూతి మీద పెట్టాడు. ఒక్కసారిగా గొంతు వచ్చింది! పెళ్లిళ్లకి, గణపతి మండపాలకి కుండల్లో స్పీకర్లు పెట్టిన కాలం ఆయనది. ఆస్ట్రేలియాలో పనిచేసిన థీల్, స్మాల్ అనేవాళ్లు డబ్బా సైజుకి, స్పీకర్‌కి ఉన్న లెక్కలు 1960లు, 70లలో కాగితం మీద పెట్టారు. మా చాచా వాళ్లని చదవలేదు, కుండలు మార్చి మార్చి చూసి నేర్చుకున్నాడు.

డబ్బాలు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేశాం. వడ్లాయన దగ్గర మిగిలిన ముక్కలు. లోపల 11 సెంటీమీటర్ల వెడల్పు, 11 లోతు, 17 ఎత్తు, అంటే దగ్గర దగ్గర రెండు లీటర్లు. సందుల్లో ఎం-సీల్, లోపల పాత దిండులోని బూరుగు దూది. వెనక పలక మాత్రం స్క్రూలతో. నాలుగు స్క్రూలు. అది నా పంతం.

ఆంప్లిఫయర్ ఒక చిన్న పీఏఎం8403 బోర్డు. రెండు వైపులా తలా 3 వాట్లు. మూడేనా అని తీసేయకండి. డబ్బాల మీద వెయ్యి వాట్ల పీఎంపీఓ అని వేసేవాళ్లు గుర్తుందా? ఆ అంకెకి ఒక ప్రమాణం అంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకున్నారు. బల్ల మీద పెట్టుకొని వినేటప్పుడు నిజంగా ఖర్చయ్యేది ఒక వాటుకి అటూ ఇటూ. అన్నట్టు, వైర్‌లెస్ అన్నానే గానీ కుడి డబ్బాకీ ఎడమ డబ్బాకీ మధ్య ఒక మీటరు వైరు ఉంది. బ్యాటరీ, బోర్డులు అన్నీ ఒకదాంట్లోనే :-)

బ్యాటరీ దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. వాడాలనుకున్నవి 18650 సెల్స్ (18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు, అందుకే ఆ పేరు). మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన వాటి మీద 9900 ఎంఏహెచ్ అని ఉంది. ఆ సైజులో మంచి కంపెనీలే 3500 దగ్గర ఆగిపోతాయి, ఈ 9900 ఎక్కడిది? మా పక్క బంగారం షాపులో తూకం వేయించా. అసలైనది సుమారు 45 గ్రాములుండాలి, ఇది 30 కూడా తూగలేదు. దాంతో కోఠి గుజరాతీ గల్లీకి పోయి 2600 ఎంఏహెచ్‌వి రెండు తెచ్చా.

వాటిని చాచా చేతికిచ్చా. ఆయన అలవాటు కొద్దీ ఒక వైరు ముక్క తీసి రెండు కొనలకీ తగిలించబోయాడు. నిప్పురవ్వ వస్తే సెల్లు బాగున్నట్టు లెక్క, పాత సెల్స్‌తో యాభై ఏళ్లుగా అదే చేశాడు. నేను చెయ్యి పట్టేసుకున్నా. గట్టిగానే. ఆయన బిత్తరపోయాడు.

"చాచా, ఇది అట్లాంటిది కాదు. షార్ట్ చేస్తే అంటుకుంటది. నీళ్లు పోసినా తొందరగా ఆరదు."

ఆయన ఆ సెల్లుని టేబుల్ మీద పెట్టి కొంచెంసేపు చూశాడు. "మరి ఎట్ల చూడాలె? చెప్పు, రాసుకుంట" అన్నాడు. ఒక అట్టముక్క తీసుకొని రాసిచ్చా. నిండితే 4.2 వోల్టులు, అంతకు మించొద్దు. 3 కంటే కిందికి పోనీయొద్దు. సెల్లు మీద నేరుగా సోల్డర్ పెట్టొద్దు, హోల్డర్ వాడాలి. ఉబ్బినదాన్ని గుచ్చొద్దు, చార్జ్ చేయొద్దు. 45 డిగ్రీల పైన చార్జింగ్ పెట్టొద్దు, ఎండాకాలంలో రాత్రిపూటే. ప్రొటెక్షన్ బోర్డు లేకుండా అసలు వాడొద్దు.

నా డిగ్రీ ఒక మనిషికి నేరుగా పనికొచ్చింది బహుశా ఆ పది నిమిషాలే.

ఆ మరుసటి వారం ఆయన వంతు. అన్నీ కలిపి ఆన్ చేస్తే పాట వెనక ఒకటే గుయ్‌మనే మోత. కరెంటు హమ్ అనుకోవడానికి అక్కడ కరెంటే లేదు, బ్యాటరీ! గంటసేపు కొట్టుకున్నా. కోడ్ అయితే లాగ్ చూస్తాం, ఒక్కో లైను కామెంట్ చేసి చూస్తాం. ఇక్కడ లాగ్ ఎక్కడిది? చాచా మాత్రం నెమ్మదిగా ఒక్కో బోర్డు తప్పిస్తూ వచ్చాడు. చివరికి బ్లూటూత్ బోర్డుకి వేరే పవర్ బ్యాంక్ నుంచి కరెంటిస్తే మోత ఠక్కున ఆగింది. "రెండింటికీ ఒకే అర్త్ ఉంది, ఒకదాని మురికి ఇంకోదాంట్ల పోతుంది" అన్నాడు. గ్రౌండ్ లూప్ అంటే ఏంటో పరీక్షలో ఐదు మార్కులకి రాసినవాణ్ణి, పక్కనే కూర్చొని గుర్తుపట్టలేకపోయా. రెండిటినీ వేరు చేసే బీ0505ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ కన్వర్టర్ పెడితే సరిపోతుందని నాకు తెలుసు. పెట్టాం, ఆగింది. రోగం ఆయన చెప్పాడు, మందు నేను చెప్పా.

ఇప్పుడవి మా బాపు బల్ల మీద ఉన్నాయి. రెండు సెల్స్ కలిపి 19 వాట్ అవర్స్, ఒకసారి చార్జ్ చేస్తే ఆయన పెట్టుకునే సౌండ్‌కి పది గంటలు తక్కువ కాకుండా వస్తుంది. మూడేళ్ల తర్వాత సెల్స్ చచ్చిపోతాయి, తెలుసు. నాలుగు స్క్రూలు తీసి కొత్తవి వేస్తే అయిపోతుంది. నేను లేకపోయినా చాచా వేస్తాడు.

ఇక లెక్కల సంగతి. సెల్స్, బోర్డులు, ప్లైవుడ్, పాడుచేసిన ముక్కలు, ఆ దొంగ సెల్స్... మొత్తం 1900 రూపాయలు దాకా అయ్యాయి. అదే డబ్బుకి షాపులో దీనికంటే అందమైనది వస్తుంది. నా శనివారాలకి జీతం లెక్క కట్టానంటే ఇంకేం మిగలదు. కాబట్టి అందరూ స్పీకర్లు తయారు చేసుకోండి అని చెప్పే ధైర్యం నాకు లేదు. సొంతంగా చేసుకుంటే చవక అని ఎవరైనా చెప్తే నమ్మకండి కూడా.

నేననేది వేరే. షాపులో దొరికే ఆ అందమైన డబ్బాకి నాలుగు స్క్రూలు ఎందుకుండవు?

ఆఫీసులో ఈ మాటంటే ఒక ఫ్రెండ్ వెంటనే అన్నాడు, "వాటర్‌ప్రూఫ్ కావాలంటే అతికించాల్సిందే కదా" అని. మా ఊరికి రారా బాబూ. బోరు మోటార్లు కొన్ని వందల అడుగుల లోతులో, నీళ్లలోనే ఏళ్ల తరబడి ఉంటాయి. కాలిపోతే పైకి లాగి, విప్పి, వైండింగ్ చేసి, మళ్లీ దింపుతారు. రబ్బరు వాషర్లు, బోల్టులు, అంతే. బోరుబావిలో మోటారుకి సాధ్యమైంది బాత్రూంలో పాటలు పాడే స్పీకర్‌కి సాధ్యం కాదా?

రెండో వాదన, సేఫ్టీ. ఇది మాత్రం కొట్టిపారేయను. చాచా చెయ్యి పట్టుకున్న ఆ క్షణం నాకింకా గుర్తుంది. కానీ విప్పకుండా చేయడం సేఫ్టీ కాదు, ఎందుకంటే జనం ఎలాగూ విప్పుతారు, బ్లేడుతో విప్పుతారు. ఉబ్బిన బ్యాటరీ పక్కన బ్లేడు! దానికంటే ప్రొటెక్షన్ ఉన్న ప్యాక్ పెట్టి, ఒక మూత, రెండు స్క్రూలు ఇస్తే ఎవరికి ప్రమాదం?

ఇది నా ఒక్కడి గోల కాదు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న వస్తువుల్లో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దగ్గర కూడా 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. అదే ఏడాది వచ్చిన బ్యాటరీ వేస్ట్ నియమాలు చచ్చిన బ్యాటరీలని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. మంచిదే. నాకు కావాల్సింది అంతకంటే ముందు మెట్టు: బ్యాటరీ చస్తే బ్యాటరీ మాత్రమే చెత్తలోకి పోవాలి, దానితో పాటు బతికున్న స్పీకర్ పోకూడదు.

ఇంకో మాట, ఇది రాయడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. పోయినేడు మా టీమ్‌లో ఒక యాప్ పాత వెర్షన్‌కి సపోర్ట్ ఆపేశాం. పాత ఫోన్లలో కొత్త వెర్షన్ పనిచేయదు. ఆ వెర్షన్ వాడేవాళ్లు తక్కువే, రెండు శాతం కూడా లేరు అని రిపోర్టు తయారు చేసింది నేనే. టికెట్ క్లోజ్ చేసి కాఫీకి వెళ్లా. ఆ రెండు శాతంలో దస్తీ కప్పి ఫోన్ గూట్లో పెట్టిన బాపులు ఎంతమందో నేను అడగలేదు. గమ్ పెట్టేది ప్లాస్టిక్ వాళ్లే కాదన్నమాట, మనం కోడ్‌తో కూడా పెడుతున్నాం. ఈసారి అలాంటి టికెట్ వస్తే కనీసం మీటింగ్‌లో ఆ ప్రశ్న అడగాలని అనుకున్నా. అడుగుతానో లేదో చూడాలి.

నాకు అసలు భయం స్పీకర్ల గురించి కూడా కాదు. చాచాకి చెయ్యి తెలుసు, లెక్క తెలియదు. నాకు లెక్క తెలుసు, చెయ్యి లేదు. మేమిద్దరం కలవడానికి ఒక స్టూలు, విప్పడానికి ఒక వస్తువు ఉన్నాయి కాబట్టి కలిశాం. విప్పడానికి ఏమీ లేకపోతే ఆ స్టూలు కూడా వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, ఏదో ఒకరోజు షాపు బయటికి వచ్చేస్తుంది. ఆయన తర్వాత ఆ పని ఎవరూ నేర్చుకోలేదు. కొడుకుని అడిగితే, "ఏం ఉంది అన్నా అందుల, అన్నీ అతికించే వస్తున్నయ్" అన్నాడు. తప్పు పట్టలేం.

కాబట్టి పెద్దగా ఏమీ అడగను. ఈసారి స్పీకరో, ఇయర్‌ఫోనో, ట్రిమ్మరో కొనేటప్పుడు షాపులో ఒక్క ప్రశ్న వేయండి: "బ్యాటరీ మారుతుందా?" లేదంటే ఎందుకు లేదని అడగండి. పాతది పోతే ఎక్స్చేంజ్‌కి ముందు ఒక్కసారి మీ ఊళ్లో రిపేర్ షాపుకి తీసుకెళ్లండి. వీలైతే పక్కన కూర్చోండి. ఆయన వైరు ముక్కతో సెల్లుని షార్ట్ చేయబోతే మాత్రం చెయ్యి పట్టుకోండి.

పోయిన వారం చాచా షాపుకెళ్తే నేను రాసిచ్చిన అట్టముక్క గోడకి మేకు కొట్టి ఉంది. పక్కనే రెండు స్పీకర్లు పొట్ట విప్పి పడున్నాయి, ఎవరో కాలేజీ పిల్లలవట. ఒకదాంట్లో కొత్త సెల్లు పెట్టేశాడు. రెండోది ఇంకా తెరుచుకోవట్లేదని నన్ను పట్టుకోమన్నాడు. నేను డబ్బా పట్టుకున్నా, ఆయన బ్లేడు పట్టుకున్నాడు. బస్సు టైమయ్యేసరికి సగం దాకా వచ్చింది.